గొంతు సరిగా పలకని అమెరికన్ గాయకుడు డేనియల్ జాన్‌స్టన్‌కి అంత పేరు ఎలా వచ్చింది?

ముఖ్యంగా పాటల రాతవల్ల. గొంతు వణుకుతుంది, గిటార్ తాళం తప్పుతుంది, నిజమే, కానీ ప్రేమలో ఓడిపోయిన కుర్రాడి మాటను అంత సూటిగా రాసినవాళ్లు తక్కువ.

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని ఒక చిన్న ఊళ్లో పెరిగాడు. అమ్మానాన్నల ఇంటి నేలమాళిగలో మామూలు టేప్‌రికార్డర్ పెట్టుకుని పాడేవాడు. మొదట్లో కాపీలు తీసే సాధనం లేక, ఎవరైనా క్యాసెట్ అడిగితే పాటలన్నీ మళ్లీ మొదటినుంచి పాడి రికార్డు చేసి ఇచ్చేవాడట! తర్వాత టెక్సస్‌లోని ఆస్టిన్ చేరి, మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ, బొమ్మలు కూడా తనే గీసిన క్యాసెట్లు కనిపించినవాళ్లకల్లా పంచాడు. 1985లో ఎంటీవీ అనే సంగీత చానల్లో కనిపించాడు. 1992లో నిర్వానా అనే రాక్ బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్, జాన్‌స్టన్ గీసిన కప్పబొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని తిరగడంతో పెద్ద రికార్డు కంపెనీల కళ్లు అతనిమీద పడ్డాయి. ఒక కంపెనీని, అందులో మెటాలికా అనే హెవీ మెటల్ బృందం ఉందని, అది సైతాను సంగీతమని భయపడి వద్దన్నాడు. 1994లో అట్లాంటిక్ అనే మరో కంపెనీ అతని ఆల్బమ్ తెచ్చింది, అది పెద్దగా అమ్ముడుపోలేదు.

ఇదంతా వింత మనిషి కథలా చెప్తారుగానీ, అతనికి తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉండేది, చాలాసార్లు ఆసుపత్రిలో ఉన్నాడు. 2019లో చనిపోయాడు. వినాలనుకుంటే 1983 నాటి క్యాసెట్లతో మొదలుపెట్టండి, మొదటి రెండు పాటలు కాస్త ఓర్చుకోవాలి.