ఫంక్షన్ హాల్లో జారిపడితే పూచీ ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, బంధువుల పెళ్లికి ఒక ఫంక్షన్ హాలుకి వెళ్లాం. భోజనాలయ్యాక 68 ఏళ్ల మా అమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లి జారిపడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అక్కడ టైల్స్ మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, ట్యూబ్‌లైట్ వెలగడం లేదు. అంతకుముందే ఒక పిల్లాడు అక్కడే జారాడని వడ్డించేవాళ్లు చెప్పారు. హాలు ఓనరేమో "మాకు డబ్బు కట్టింది మీరు కాదు, పైగా యాజమాన్యం బాధ్యత వహించదని బోర్డు పెట్టాం" అంటున్నాడు. కేసు వేయవచ్చా? పెళ్లివారికి ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: వేయవచ్చమ్మా. ఆయన చెప్పిన రెండు మాటలూ ఆయన్ని కాపాడలేవు.

ఇంగ్లండులో ఇలాంటి ప్రమాదాలకు 1957 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. మన దగ్గర అలాంటిది లేదు. నిర్లక్ష్యం జరిగిందా అన్నది చూసి మన కోర్టులు పరిహారం ఇస్తాయి. ముందుగా తేల్చేది ఆ స్థలం ఎవరి అదుపులో ఉందన్నది. తాళాలు, కరెంటు, నీళ్లు, ఊడ్చి తుడిచే మనుషులు ఎవరి చేతిలో ఉంటే, పిలిస్తే వచ్చినవాళ్ల భద్రత కూడా వాళ్ల పూచీయే. శుభలేఖ అందుకుని వచ్చిన మీ అమ్మగారు గోడ దూకి వచ్చిన మనిషి కాదు. వందలమంది భోంచేసి అదే చోటికి తడి చేతులతో వస్తారని తెలిసే హాలు అద్దెకిచ్చారు.

అలాగని పడినంత మాత్రాన పరిహారం రాదు. ప్రమాదం పొంచి ఉందని హాలువారికి తెలుసని, లేదా మామూలు జాగ్రత్తతో ఉంటే తెలిసేదని మీరు చూపించాలి. అందుకే మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనబడింది ముందు జారిన పిల్లాడి సంగతి. పిల్లాడు జారాక కూడా నేల తుడవలేదు, లైటు వేయలేదు అంటే నిర్లక్ష్యానికి అంతకన్నా ఏం కావాలి? ఆ వడ్డించినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఈరోజే రాసిపెట్టుకోండి. సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో వెంటనే పంపించండి.

ఆసుపత్రి కేస్‌షీటు కూడా ఒకసారి చూసుకోండి. హడావిడిలో "ఇంట్లో జారిపడింది" అని రాసేస్తుంటారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని అవతలి లాయరు కేసంతా తిప్పేస్తాడు. తప్పుంటే డాక్టరుగారికి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక బోర్డు సంగతి. "నేల జారుతుంది, జాగ్రత్త" అని ఆ చోటే, వెలుతురులో, కళ్లకు కనబడేలా పెట్టి ఉంటే అది వారికి కొంత కలిసొచ్చేది. "బాధ్యత వహించం" అని ఆఫీసు గోడకు తగిలించిన బోర్డు వేరు. మీ అమ్మగారు దానికి ఒప్పుకున్నదీ లేదు, దానివల్ల నేల ఆరిందీ లేదు. పెద్దావిడ కదా, చూసుకుని నడవాలి అని కూడా వాదిస్తారు. ఆవిడ పొరపాటు ఏమైనా ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడవచ్చు. వయసు వల్ల ఎముకలు పెళుసుగా ఉండటం మాత్రం పొరపాటు కిందికి రాదు.

"డబ్బు కట్టింది మీరు కాదు" అన్నదానికి జవాబు వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోనే ఉంది. సేవకు డబ్బు చెల్లించినవారి అనుమతితో దాన్ని పొందినవాళ్లు కూడా వినియోగదారులే. పెళ్లివారు అద్దె కట్టి, మిమ్మల్ని పిలిచారు. కాబట్టి వారిని కేసులోకి లాగనక్కరలేదు, హాలు బుక్ చేసిన రసీదు కాపీ ఇప్పించమని అడగండి చాలు. నీళ్లు ఒలకడంలో క్యాటరింగ్ వాళ్ల తప్పుంటే వారినీ ప్రతివాదిగా చేర్చాలి. బాధ్యత ఒకరి నెత్తినే పడాలని లేదు. 1997లో 59 మంది చనిపోయిన ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో సుప్రీంకోర్టు 2011లో పరిహారాన్ని థియేటర్ యాజమాన్యానికి 85 శాతం, విద్యుత్ బోర్డుకు 15 శాతంగా పంచింది.

పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. ఎముక విరగడం తీవ్ర గాయమే. నిర్లక్ష్యంతో అలాంటి గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ మీకు కావలసింది వైద్యం ఖర్చు కదా, నేనైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లమంటాను. మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. హాలు అద్దె 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. అతిథి వినియోగదారు కాదని కమిషన్ ఒకవేళ అన్నా సివిల్ కోర్టు దారి ఉంటుంది.

ఆపరేషన్ బిల్లుతో ఆగకండి. ఫిజియోథెరపీ, వాకర్, ఆసుపత్రికి తిప్పిన ఆటోలు, ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతం, మీరు సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతం, ఆవిడ పడ్డ నొప్పి, అన్నీ విడివిడిగా రాసి అడగండి. ఫిర్యాదు మీ అమ్మగారి పేరు మీదే ఉండాలి. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. లాయరు ఖర్చు భారమైతే మండల న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి.