ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయికి, ప్రయాణ సమయం గురించి

చిరంజీవి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ చేరేసరికే ఒంట్లో సత్తువ పోతున్నదనీ, ఆఫీసులో కూర్చున్నాక మొదటి గంటసేపు ఏ పని మీదా మనసు నిలవడం లేదనీ నీవు ఫోనులో చెప్పిన దగ్గర నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఈ నగరంలోనే ఉద్యోగం చేసి, రోజూ బస్సులోనో రైలులోనో ఇంటికీ ఆఫీసుకీ తిరిగినవాణ్ణి కనుక, నీవు రెండుగా చెప్పిన ఇబ్బందులు నాకు ఒక్కటిగానే కనిపిస్తున్నాయి. దారిలో మనసును ఎటు తిప్పుతామో, కుర్చీలో కూర్చున్న మొదటి గంటలో అది అటే పోతుంది.

ప్రయాణ సమయాన్ని వృథా చేయకూడదని చెప్పేవాళ్లు సాధారణంగా దాన్ని నింపేయమంటారు. ఒక కొత్త భాష నేర్చుకోమంటారు, ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయమంటారు, దారిలోనే మెయిళ్లకు జవాబులు ఇచ్చేయమంటారు. నేను దీనితో ఏకీభవించను. రోజంతా తల పెట్టి పని చేయవలసిన మనిషి, పని మొదలు కాకముందే తలను అలవగొట్టుకోవడం తెలివైన పని కాదు. ప్రయాణాన్ని ముక్కలుగా చూసి, ఏ ముక్కలో శరీరానికీ మనసుకూ ఏది వీలవుతుందో ఆ ఒక్కదాన్ని మాత్రమే దానికి అప్పగించాలి.

నీ దారినే తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట పదమూడో స్టేషన్. రైలు బయలుదేరే ఎల్బీ నగర్‌లోనే కొన్ని సీట్లు నిండిపోతాయి, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర మరింత మంది ఎక్కుతారు, ఆడవాళ్లకు కేటాయించిన భాగంలో కూడా ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడవలసిందే. ఈ ముక్కలో చదవడం, రాయడం కుదరవు; చెవులు మాత్రమే ఖాళీగా ఉంటాయి. పాటలో, ప్రసంగమో, నీకు ఇష్టమైన పాడ్‌కాస్టో విను. అయితే ఏది వినాలో ముందురోజు రాత్రే నిర్ణయించి డౌన్‌లోడ్ చేసి ఉంచుకో. రైలు ఎక్కాక వెతకడం మొదలుపెడితే, వెతుకులాటలోనే లక్డీకాపూల్ వచ్చేస్తుంది, పైగా ఆ వెతుకులాటలో కంటపడే నానా విషయాలూ మనసులోకి వచ్చి కూర్చుంటాయి. రైలు చప్పుడును మించి వినపడాలని శబ్దం పెంచవద్దు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినడం చెవికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అమీర్‌పేటలో దిగగానే ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో పెట్టేయి. ఆ ఎస్కలేటర్ల దగ్గర, ఆ తొక్కిడిలో కళ్లూ చెవులూ రెండూ నీ దగ్గర ఉండాలి. ఆ ఇయర్‌ఫోన్లు మళ్లీ సాయంత్రం దాకా బయటికి రావలసిన అవసరం లేదు.

అక్కడ మారి ఎక్కే మెట్రో నీలి మార్గంలో (బ్లూ లైన్) అమీర్‌పేట నుంచి రాయదుర్గం తొమ్మిదో స్టేషన్. నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో విలువైన భాగం ఇదే. ఇక్కడ ఫోను ముట్టవద్దు. కిటికీలోంచి చూస్తూ ఒక్క ప్రశ్న వేసుకో: ఇవాళ కూర్చోగానే చేయవలసిన మొదటి పని ఏది? మిగతా పనుల జాబితా ఇప్పుడు అక్కరలేదు. మొదట్లో మనసు ఇంటి సంగతుల మీదికో, నిన్న ఎవరో అన్న మాట మీదికో పోతుంది. పోనీ, తిరిగి తెచ్చుకో. దుర్గం చెరువు దాటేలోగా జవాబు తేలిపోతుంది. రాయదుర్గంలో దిగాక ప్లాట్‌ఫారం మీద ఒక పక్కగా నిలబడి, చిన్న నోటుపుస్తకంలో దాన్ని ఒక పూర్తి వాక్యంగా రాసుకో. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే నీ పనిలో "టెస్టింగ్ సంగతి చూడాలి" అని రాస్తే లాభం లేదు. "నిన్న లాగిన్ పేజీ దగ్గర ఆగిపోయిన టెస్ట్ కేసును మళ్లీ నడిపి, లాగ్ ఫైలులో చివరి ఎర్రర్ ఏమిటో చూడాలి" అని రాయాలి. చేతులు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ వాక్యంలోనే ఉండాలి. ఆటోలో ఇక ఏమీ చేయవద్దు.

ఇంత పట్టుదలగా ఫోను వద్దనడానికి కారణం ఉంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని ముగియకుండానే మరో పనికి మళ్లినప్పుడు మన ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే చిక్కుకుపోతుందనీ, దానివల్ల రెండో పని దెబ్బతింటుందనీ చూపించారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో సగం చదివిన వాదన, సగం చూసి వదిలేసిన వీడియో, జవాబు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోని సందేశం, ఇవన్నీ ముగియని పనులే. వాటిని వెంటబెట్టుకుని కుర్చీలో కూర్చుంటే మొదటి గంట మనసు ఎలా నిలుస్తుంది తల్లీ?

ఆఫీసులో కూర్చున్నాక మెయిల్ తెరవకముందే నోటుపుస్తకంలోని ఆ వాక్యాన్ని అమలుచేయి. చాట్ మోతలు ఆపి, ఫోనును డెస్కు సొరుగులో పెట్టు. కొత్తగా చేరినదానివి కనుక అడిగిన వెంటనే జవాబు ఇవ్వకపోతే ఏమనుకుంటారో అన్న జంకు సహజమే. దానికి మార్గం, మీ మేనేజరుతో ముందే చెప్పి ఉంచడం: "సర్, పొద్దున మొదటి గంట టెస్టులు నడుపుతాను, అత్యవసరమైతే ఫోన్ చేయండి, మిగతావి ఆ తర్వాత చూస్తాను" అంటే ఏ మంచి అధికారీ కాదనడు. నేను కూడా కొంతకాలం ఒక విభాగాన్ని చూశాను. ఎప్పుడు దొరుకుతారో ముందే చెప్పే మనుషులతో పని చేయించడం సులభం.

మధ్యలో ఎవరైనా వచ్చి పిలిస్తే, వాళ్లవైపు తిరిగే ముందు "ఒక్క క్షణం" అని, నీవు ఎక్కడ ఆగావో, తర్వాత ఏం చేయబోతున్నావో అరవాక్యం రాసి అప్పుడు లే. ఇది చిన్న అలవాటే కానీ, తిరిగి వచ్చాక ఎక్కడున్నానా అని తడుముకునే అవస్థ తప్పుతుంది. భోజనం తర్వాత మనసు మందగించే వేళ ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అన్న పొమొడోరో పద్ధతి కొంత ఆసరా ఇస్తుంది; పని చక్కగా సాగుతున్నప్పుడు మాత్రం గడియారం మోగిందని లేవవద్దు.

సాయంత్రం లేచే ముందు పది నిమిషాలు పని ఆపి, మిగిలిపోయిన పనులన్నీ రాసి, ఒక్కొక్కదాని పక్కన రేపు వేయవలసిన మొదటి అడుగు రాయి. ముగిసిన పనులకంటే మధ్యలో ఆగినవే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో రాశారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ముగియని పనికి స్పష్టమైన ప్రణాళిక వేసుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా అది మనసును పట్టి పీడించడం తగ్గుతుందని ప్రయోగాలతో చూపించారు. ఉదయం నీలి మార్గంలో వేసుకునే ప్రశ్నకు జవాబు సగం ఈ చీటీలోనే ఉంటుంది.

చీటీ రాశాక తిరుగు ప్రయాణం పూర్తిగా నీది. రాయదుర్గం చివరి స్టేషన్ కనుక, వరుస పెద్దదిగా ఉంటే ఒక రైలు వదిలేసి తర్వాతి దానిలో సీటు పట్టుకో. ఆ కొద్ది నిమిషాల ఆలస్యం కూర్చోవడానికి ఇచ్చే వెల అనుకో. కునుకు తీయి, పాటలు విను, మీ అమ్మకు ఫోన్ చేయి, కథలు చదువు. లాప్‌టాప్ మాత్రం తెరవవద్దు. ప్రయాణంలో ఒకరోజు పని చేస్తే, మర్నాటి నుంచి నీవు ఆ వేళకు దొరుకుతావని అందరూ అనుకుంటారు.

స్కూటీ కొనాలన్న ఆలోచన గురించి కూడా అడిగావు. నాకు ఇష్టం లేదు. ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకు 2018 సెప్టెంబరులో, రాయదుర్గం దాకా 2019 నవంబరులో మెట్రో వచ్చింది; అంతకుముందు ఈ దారిన వెళ్లినవాళ్లకు ఎప్పుడు చేరతామో తెలిసేది కాదు. ఇప్పుడు ఏ స్టేషన్ ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది కనుకనే ఒక్కో ముక్కకు ఒక్కో పని అప్పగించగలుగుతున్నాం. బండి నడిపేటప్పుడు మనసు రోడ్డు మీదే ఉండాలి, అక్కడ ఆలోచనకూ విశ్రాంతికీ చోటు లేదు. చేతిలో ఫోను పట్టుకుని నడపడాన్ని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే లెక్కిస్తారు. ఎప్పుడైనా బస్సులోనో క్యాబులోనో వెళ్లవలసి వస్తే పుస్తకం తెరవవద్దు; కంటికి కదలని అక్షరాలు, లోపలి చెవికి కదులుతున్న బండి, ఈ రెండింటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ముందు సాయంత్రం చీటీతో ప్రారంభించు, ఎందుకంటే మిగతావి దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అది అలవాటయ్యాక నీలి మార్గంలో ఫోను పక్కన పెట్టు, ఆ తర్వాతనే మేనేజరుతో పొద్దుటి గంట గురించి మాట్లాడు. పెద్ద వాన పడి రాయదుర్గం దగ్గర ఆటోలు కదలని రోజున, ఒంట్లో బాగాలేని రోజున ఈ నియమాలు వదిలేసి క్షేమంగా ఇల్లు చేరడం మీదే దృష్టి పెట్టు. కుదరని చోటు ఏదైనా ఉంటే నాకు వెంటనే రాయి, నీ వేళలు చూసి ఇద్దరం కలిసి మార్చుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న