టెక్ సందేహాలు: యాప్ గీసిన గీతంతా సైకిల్ దారేనా?

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పాఠకుల నుంచి గ్రావెల్ బైక్ ప్రశ్నలు వచ్చాయి. రోడ్డు సైకిల్‌లా వంపు తిరిగిన హ్యాండిల్, దాదాపు 40 మి.మీ. వెడల్పు టైర్లు ఉండి, తారు మీదా కంకర మీదా నడిచే సైకిల్ అది. ఈసారి జవాబులన్నీ దాని గురించే.

ప్రశ్న: రెడింగ్‌లో ఉంటాను. దారులు గీసిపెట్టే కొమూట్ యాప్‌లో గ్రావెల్ రూటు వేసుకుని వెళ్తే, పొలాల మధ్య నడుస్తున్నవాళ్లు ఆపి ‘ఇది ఫుట్‌పాత్, సైకిల్ తేకూడదు’ అన్నారు. యాప్ చూపించిన దారి కదా?

జవాబు: వాళ్లు చెప్పిందే సరైనది. ముందు ఈ మాట సంగతి చూద్దాం. మనకు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన నడిచే గట్టు. అక్కడ దాన్ని పేవ్‌మెంట్ అంటారు. ఇంగ్లండ్ పల్లెల్లో పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే పొలాల మీదుగా, అడవుల గుండా నడిచి వెళ్లడానికి మాత్రమే చట్టం హక్కు ఇచ్చిన బాట. సైకిల్‌కు ఆ హక్కు లేదు. గుర్రాల కోసం ఉన్న బ్రిడిల్‌వేల మీద సైకిల్ తొక్కే హక్కు 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో వచ్చింది. అయితే నడిచేవారికీ, గుర్రం మీద వచ్చేవారికీ మీరే దారి ఇవ్వాలి. రిస్ట్రిక్టెడ్ బైవే, బైవే ఓపెన్ టు ఆల్ ట్రాఫిక్ అనే మరో రెండు రకాల మీదా వెళ్లొచ్చు.

ఇక యాప్ ఎందుకు పొరబడిందంటే, కొమూట్ లాంటివి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద, అంటే ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాపు మీద ఆధారపడతాయి. అక్కడ ఎవరైనా ఆ బాటను ‘ట్రాక్’ అని గుర్తించి, హక్కు వివరం నింపకుండా వదిలేస్తే, సాఫ్ట్‌వేర్‌కు అది మామూలు మట్టిరోడ్డే. రైడ్లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో, జనం ఎక్కువగా తిరిగిన దారులను రంగులతో చూపే హీట్‌మ్యాప్‌నూ సాక్ష్యంగా తీసుకోవద్దు. పదిమంది తొక్కారని తెలుస్తుందే తప్ప, తొక్కొచ్చని తెలియదు.

అందుకే రూటు గీశాక దాన్ని బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే (ఓఎస్) 1:25,000 ఎక్స్‌ప్లోరర్ మ్యాపు మీద పరిచి చూడండి. రూటు పాయింట్లు దాచే జీపీఎక్స్ ఫైల్‌ను ఓఎస్ మ్యాప్స్ యాప్‌లోకి ఇంపోర్ట్ చేయొచ్చు. ఆకుపచ్చ పొట్టి గీతల వరుస కనిపిస్తే ఫుట్‌పాత్, పొడవు గీతలైతే బ్రిడిల్‌వే, కూడిక గుర్తుల వరుసైతే అన్ని వాహనాలకూ తెరిచిన బైవే. నల్ల గీతలతో ఉన్న బాట నేల మీద ఉందని అర్థమే గానీ, దాని మీద వెళ్లే హక్కు ఉందని కాదు. యాక్సెస్ ల్యాండ్ (జనం తిరగడానికి తెరిచిన భూమి) అని రంగు వేసిన చోట్లా హక్కు నడకకే. దారిలో స్తంభాల మీది బాణాలు కూడా ఇదే చెబుతాయి: పసుపు అయితే ఫుట్‌పాత్, నీలం అయితే బ్రిడిల్‌వే. గేటుకు బదులు ఎక్కి దాటే చెక్కమెట్లు ఎదురైతే, మీరున్నది ఫుట్‌పాత్ మీదే అయ్యుంటుంది.

మీ ఊరికి దగ్గర్లోని రిడ్జ్‌వే అనే పొడవాటి బాటనే తీసుకోండి. ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగ్‌హో బీకన్ దాకా 139 కి.మీ. పేరు ఒకటే అయినా, పడమటి సగం స్ట్రీట్‌లీ దాకా సైకిల్‌కు సరిపోతుంది. థేమ్స్ దాటాక తూర్పున చాలాచోట్ల అది ఫుట్‌పాత్. ‘రిడ్జ్‌వే’ అని మొత్తం రూటు దించుకుని బయల్దేరినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. మొదటి నుంచి చివరిదాకా సైకిల్ వెళ్లే దారి కావాలంటే వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కి.మీ. సౌత్ డౌన్స్ వే ఉంది. 2020లో సైక్లింగ్ యూకే ప్రకటించిన కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే కూడా ఉంది. అది వించెస్టర్‌లో మొదలై అక్కడికే తిరిగొచ్చే 350 కి.మీ. చుట్టుదారి, మీ రెడింగ్ మీదుగానే పోతుంది.

న్యూ ఫారెస్ట్‌కు వెళ్తే మాత్రం ఇంకో జాగ్రత్త. అక్కడ కంకర దారులన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ గుర్తులు పెట్టిన సైకిల్ నెట్‌వర్క్ మీదే వెళ్లాలి. కూడళ్ల దగ్గర నంబర్లున్న పొట్టి స్తంభాలు ఉంటాయి. ఆ నంబర్లు మీ రూటులో లేకపోతే ఇంటి దగ్గరే మార్చుకోండి.

ప్రశ్న: కంప్యూటర్‌లో జాగ్రత్తగా గీసిన జీపీఎక్స్‌ను గార్మిన్ ఎడ్జ్ సైకిల్ కంప్యూటర్‌లో వేస్తే, అడవి దారి వదిలేసి పక్కనున్న తారురోడ్డు మీదకు తోస్తోంది. ఫైల్ పాడైందా?

జవాబు: ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లోపల టీఆర్‌కే అనే ట్యాగులు, వందలు వేల పాయింట్లు ఉంటే అది ట్రాక్. ఆర్‌టీఈ ట్యాగులతో కొద్ది పాయింట్లే ఉంటే అది రూట్. రూట్ రకంలో పాయింట్ల మధ్య దారిని పరికరమే తన మ్యాపుతో కొత్తగా లెక్కిస్తుంది, మీ సమస్య అదే అయ్యుండొచ్చు. ప్లానర్‌లో మళ్లీ ఎగుమతి చేస్తూ ‘ట్రాక్’ ఎంచుకుని, పరికరాన్ని యూఎస్‌బీతో కలిపి, గార్మిన్ ఫోల్డర్‌లోని న్యూఫైల్స్‌లో వేయండి. కేబుల్ తీసేశాక అది కోర్సెస్‌లో కనిపిస్తుంది.

ట్రాక్ అయినా అలాగే చేస్తుంటే రెండు సెట్టింగులు చూడాలి. రూటింగ్‌లో మట్టిదారులను తప్పించమని టిక్ పెట్టి ఉంటే తీసేయండి. రీకాలిక్యులేషన్‌ను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు ఒక గేటు దగ్గర 50 మీటర్లు పక్కకు జరిగినా కొత్త దారి గీస్తుంది, మీరు కష్టపడి సరిచూసిన బ్రిడిల్‌వే గాలికి పోతుంది.

ప్రశ్న: ఫోన్‌లో రైడ్ రికార్డు చేస్తే అడవిలో గీత వంకరటింకరగా వస్తోంది. కొన్నిచోట్ల ఏకంగా రెండు కిలోమీటర్ల తిన్నని గీత!

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. వంకర్లకు కారణం చెట్లు. తడి ఆకులు ఉపగ్రహ సంకేతాన్ని పీల్చేస్తాయి, మానులు దాన్ని అటూ ఇటూ పరావర్తనం చేస్తాయి. ఉపగ్రహాలు పంపే ఎల్1 పౌనఃపున్యంతో పాటు ఎల్5 పౌనఃపున్యం కూడా అందుకునే ఫోన్ లేదా పరికరం అయితే బాగా తగ్గుతుంది. బయల్దేరే ముందు ఆరుబయట ఒకట్రెండు నిమిషాలు ఆగి సిగ్నల్ పట్టనివ్వండి. సైకిల్ కంప్యూటర్ ఉంటే రికార్డింగును ‘స్మార్ట్’ నుంచి ప్రతి సెకనుకు మార్చండి. చక్రం హబ్‌కు స్పీడ్ సెన్సర్ తగిలిస్తే దూరం, వేగం చెట్లతో పనిలేకుండా వస్తాయి.

తిన్నని గీతకు చెట్లతో సంబంధం లేదు. బ్యాటరీ మిగల్చడానికి ఫోనే యాప్‌ను నిద్రపుచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ బ్యాటరీ సెట్టింగును ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. ఐఫోన్‌లో ప్రిసైజ్ లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఛార్జింగు కోసమైతే మ్యాపును ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుని ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: యాప్ ‘కంకర’ అని చూపిన దారి జనవరిలో బురదగుంట. టైర్లు తిరగలేదు.

జవాబు: మ్యాపులో నేల రకం ఉంటుంది, రుతువు ఉండదు. ఇంగ్లండ్ దక్షిణాన రెండు నేలలు గుర్తుపెట్టుకోండి. డౌన్స్ కొండల్లో సుద్దరాయి: తడిస్తే సబ్బులా జారుతుంది, అందులోని చెకుముకిరాళ్లు టైరును కోస్తాయి. వీల్డ్ ప్రాంతపు పల్లపు నేలల్లో బంకమట్టి: మన నల్లరేగడిలాగే టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తుంది. చలికాలంలో బంకమట్టి బ్రిడిల్‌వేలను రూటులోంచి తీసేసి, అటవీశాఖ వాహనాల కోసం కంకర పరిచిన దారులకు మార్చుకోవడమే మేలు. 70 కిలోల మనిషికి 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరులో 30–35 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి, ట్యూబ్ ఉంటే ఐదు పెంచండి. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ (చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం) కొన్ని నెలలకే ఎండిపోతుంది కాబట్టి టైరు ఊపి చూడండి, చప్పుడు రాకపోతే నింపండి.

ప్రశ్న: అడవిలో పడిపోతే, సిగ్నల్ లేకపోతే, ఎక్కడున్నానో ఎలా చెప్పాలి?

జవాబు: మీ నెట్‌వర్క్ లేకున్నా అత్యవసర నంబర్ 999కు కాల్ అక్కడ అందే ఏ నెట్‌వర్క్ మీదైనా వెళ్తుంది. ఓఎస్ మ్యాప్స్‌లో మీరున్న చోటి గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో చోటును తెలిపే కోడ్) చూసి చదవండి: ముందు రెండు అక్షరాలు, తర్వాత అంకెలు. ఆరంకెలైతే 100 మీటర్ల లోపు, ఎనిమిదంకెలైతే 10 మీటర్ల లోపు చోటు తెలుస్తుంది. మాట వెళ్లనంత బలహీనంగా సిగ్నల్ ఉన్నా 999కు మెసేజ్ వెళ్లొచ్చు, కానీ అందుకు ముందే నమోదు కావాలి. ఇంట్లో ఉండగానే రిజిస్టర్ అనే ఇంగ్లిష్ మాటను 999కు ఎస్‌ఎంఎస్ చేసి, తిరిగొచ్చే సందేశంలో చెప్పినట్టు జవాబివ్వండి. నమోదు పూర్తయిందన్న మెసేజ్ వచ్చేదాకా పని అయినట్టు కాదు.