సకాయ్‌ది సొంత కథే

ప్రశ్న: జపాన్‌లోని సకాయ్‌ని అందరూ ఒసాకా శివారుగానే చెబుతారు. దానికంటూ వేరే చరిత్ర ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: లేకేమమ్మా! 1583లో ఒసాకా కోటకు పునాది పడేనాటికే సకాయ్ పేరుమోసిన రేవుపట్టణం. దాన్ని శివారు అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

నింతోకు చక్రవర్తిదని చెప్పే 5వ శతాబ్దపు దైసెన్ సమాధి ఈ ఊళ్లోనే ఉంది. 486 మీటర్ల మట్టిదిబ్బ, చుట్టూ మూడు కందకాలు. దాని మీదికి సందర్శకులను అనుమతించరు. గట్టున నిలబడితే అడవి పెరిగిన గుట్టలా కనిపిస్తుందే తప్ప ఆకారం తెలియదు. నగరపాలక భవనం 21వ అంతస్తు నుంచి చూస్తే దాని పరిమాణం కొంతైనా అందుతుంది. ఇక్కడి పురాతన సమాధులకు 2019లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

రాజుల సమాధుల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 16వ శతాబ్దపు సకాయ్. దేశమంతా యుద్ధప్రభువులు కొట్టుకుంటుంటే, ఈ వర్తకులు ఊరి చుట్టూ కందకం తవ్వుకుని, ఎగోషూ అనే పెద్దల మండలితో తమను తామే పాలించుకున్నారు. గాస్పర్ విలేలా అనే జెస్యూట్ మతగురువు ఈ ఊరి పాలనను ఇటలీలోని వర్తక నగరం వెనిస్‌తో పోల్చి ఉత్తరం రాశాడు. తేనీటి సేవనాన్ని కళగా తీర్చిదిద్దిన సెన్ నో రిక్యూ 1522లో పుట్టింది ఇక్కడి వర్తక కుటుంబంలోనే. అయితే 1568లో ఓడా నొబునాగా అనే యుద్ధప్రభువు 20,000 కన్‌లు (నాటి నాణేల లెక్క) కట్టమన్నప్పుడు ఊరి పెద్దలు మొదట ఎదురుతిరిగినా, చివరికి లొంగక తప్పలేదు. 1615లో ఒసాకా యుద్ధం ఊరిని బూడిద చేసింది.

కమ్మరులు మాత్రం నిలిచారు. 1543లో పోర్చుగీసుల వెంట జపాన్ చేరిన తుపాకిని తయారుచేయడం త్వరగానే నేర్చుకున్నారు. ఎడో కాలంలో (1603–1868) పొగాకు తరిగే కత్తులకు పేరుపొందారు. మెయిజీ కాలంలో (1868–1912) సైకిళ్లు వచ్చాక, ఆ లోహపు పనితనమే వాటి మరమ్మతుకూ విడిభాగాలకూ అక్కరకొచ్చింది. ప్రపంచమంతా వాడే సైకిలు గేర్ల సంస్థ షిమానో 1921లో మొదలైంది ఇక్కడే.

1945 జులై బాంబుదాడిలో నగరం మళ్లీ కాలిపోయింది. యుద్ధం తర్వాత ఉక్కు కర్మాగారాల కోసం తీరాన్ని పూడ్చేశారు. ఈతకు ప్రసిద్ధి చెందిన హమదెరా సాగరతీరం అలా పోయింది. అది నాకు తీరని బాధ.

ఎప్పుడైనా వెళితే దైసెన్ కన్నా ముందు కత్తులు చేసే వీధులకు వెళ్లండి. అక్కడ ఇనుము కొట్టేవారు ఒకరు, సానపట్టేవారు మరొకరు, పిడి బిగించేది ఇంకొకరు.