స్కూల్ ప్రాజెక్టుకి వికీపీడియా ఒక్కటి చాలా?

తొమ్మిదో తరగతి పాప ప్రాజెక్టుకి వికీపీడియా చూసి రాస్తే సరిపోతుందా అని అడిగారు. మొదలుపెట్టడానికి మంచి చోటే, కానీ అక్కడే ఆగిపోకూడదు. వ్యాసం అడుగున మూలాల జాబితా ఉంటుంది. అందులో కనీసం రెండు తెరిచి చదివించండి.

నాగార్జునసాగర్ గురించి వెతికితే ఒకచోట 1955, ఇంకోచోట 1967 కనిపిస్తాయి. పిల్లలు టెన్షన్ పడి ఏదో ఒకటి రాసేస్తారు. నిజానికి రెండూ సరైనవే. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంకెలు కలవకపోతే "ఇది దేని తేదీ?" అని అడగడం నేర్పించాలి. అందమైన అట్ట, రంగు బొమ్మల కన్నా నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

ఏ సంగతి ఎక్కడ దొరికిందో చదివేటప్పుడే పక్కన రాసుకోమనండి. చివర్లో వెతికితే దొరకదు.