పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా దిగిపోయిందా?

ప్రశ్న: నమస్తే సార్. మొన్న మా కారు వేసుకుని మొదటిసారి ట్రాక్ డేకి (ఎవరి కారు వాళ్ళు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) వెళ్ళాను. మూడు నాలుగు ల్యాపులు బ్రేకులు బాగానే పట్టాయి, ఆ తర్వాత ఎంత తొక్కినా కారు ఆగట్లేదు, మాడు వాసన కూడా వచ్చింది, భయమేసి పక్కకి తెచ్చేశా. కారుతో వచ్చిన ప్యాడ్లే, ఇంకా సగానికి పైగా మందం ఉంది. వచ్చేసారికి ఏ ప్యాడ్లు వేయాలి, నేనే మార్చుకోవచ్చా, రోజూ ఆఫీసుకి కూడా వాటితోనే తిరగొచ్చా?

జవాబు: పక్కకి తెచ్చేసి మంచి పని చేశారండీ, ఇంకో ల్యాప్ చూద్దాంలే అనుకునేవాళ్ళే ఎక్కువ. కానీ అసలు ముక్క ఒకటి రాయలేదు మీరు, ఆ టైంలో పెడల్ కాలికి ఎలా తగిలింది? ఎప్పట్లాగే గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే, ప్యాడ్లు వేడికి పట్టు వదిలేసినట్టు. అలా కాకుండా స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా కిందికి దిగిపోతే మరిగింది బ్రేక్ ఆయిల్, అందులో ఆవిరి బుడగలు పుట్టాయి, మీరు తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోయింది. ఈ రెండోదైతే ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా దండగ.

అందుకే ఎవరడిగినా ముందు ఆయిల్ మార్చమనే చెప్తా. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటూ ఉంటుంది, పీల్చుకున్నకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా ఆగాలి, తేమ పట్టాక లెక్క 155, డాట్ 5.1 కి అవే 260, 180. మంచి డాట్ 4 కొత్త సీసా తెచ్చి, పాతది మొత్తం పోయేలా ఎక్కించి నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీయించండి. డాట్ 5 అని ఇంకోటి ఉంటుంది, అది సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉంది కదా అని అది మాత్రం పోయొద్దు.

ఇక ప్యాడ్లు. 160 స్పీడు నుంచి కారుని ఆపితే పుట్టే వేడి, 100 నుంచి ఆపితే పుట్టేదానికి రెండున్నర రెట్లు, అదీ ల్యాపులో నాలుగైదు చోట్ల, మధ్యలో చల్లారే టైమే ఉండదు. రోడ్డు ప్యాడ్లు పొద్దున్నే చల్లగా ఉన్నా పడతాయి గానీ ఈ వేడికి తట్టుకోవు, రేసు ప్యాడ్లు ఆ వేడిలోనే బాగా పడతాయి, చల్లగా ఉన్నప్పుడు మాత్రం తొక్కితే జారినట్టుంటుంది. ప్యాడ్ కొనేటప్పుడు అందరూ ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందనే చూస్తారు, ఎన్ని డిగ్రీల నుంచి పట్టడం మొదలెడుతుందో కూడా చూడాలి. మామూలు రోడ్డు టైర్లతో ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మీకు రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యస్థంగా ఉండే కాంపౌండ్ (ప్యాడ్ తయారుచేసే మిశ్రమం) చాలు, నేరుగా రేసు ప్యాడ్లకి వెళ్ళొద్దు. వెనక చక్రాలకి ముందువాటికంటే గట్టిగా పట్టేవి అస్సలు వేయొద్దు, వెనకవి ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరిగిపోతుంది. ఒకవేళ ఎప్పుడైనా రేసు ప్యాడ్లు కొన్నా ఆఫీసుకి వాటితో వెళ్ళకండి, సిగ్నల్ దగ్గర కీచుమంటాయి, డిస్కుని తినేస్తాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లోంచి బయటికి రాగానే తొక్కే మొదటి బ్రేకుని నమ్మలేం.

మీరే మార్చుకోవచ్చు, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టుకుంటే. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే భాగం) విప్పాక దాన్ని ఆయిల్ పైపు మీద వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకి కట్టేయండి. పిస్టన్ని లోపలికి నొక్కేటప్పుడు పాత ప్యాడ్ అడ్డం పెట్టి క్లాంపుతో మెల్లగా నొక్కాలి, నొక్కుతుంటే పైన డబ్బాలో ఆయిల్ పైకొస్తుంది, పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది కాబట్టి ఓ కన్ను అటు ఉంచండి. వెనక కొన్ని కార్లలో పిస్టన్ తిప్పుతూ నొక్కాలి, ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అంతా బిగించాక కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. నేను ఒకసారి ఇది మర్చిపోయి కారు వెనక్కి తీశా, మొదటి తొక్కుకి పెడల్ నేలకి ఆనింది, హ్యాండ్‌బ్రేక్ లాగితే గోడకి జానెడు దూరంలో ఆగింది.

కొత్త ప్యాడ్లతో నేరుగా ట్రాక్ మీదకి వెళ్ళొద్దు. ఖాళీ రోడ్డు చూసుకుని, స్పీడు లిమిట్ లోపలే, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పదిసార్లు గట్టిగా స్లో చేయండి, తర్వాత బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ పది నిమిషాలు నడిపి చల్లార్చండి. డిస్కు మీద అంతటా ఒకేలా బూడిదరంగు పొర కనపడితే ప్యాడ్ సెట్ అయినట్టే. ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెప్తే అదే చేయండి.

ప్రశ్న: ట్రాక్ నుంచి వచ్చాక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కు వంగిపోయిందంటున్నారు, మార్చేయాలా?

జవాబు: తొందరపడకండి, చాలాసార్లు డిస్కు వంగదు, ప్యాడ్ పదార్థం ఒకచోట మందంగా అంటుకుంటుంది. ట్రాక్ మీంచి వేడివేడిగా వచ్చి పెడల్ తొక్కిపట్టుకుని నిలబడితే ఇదే జరుగుతుంది. ముందు ప్యాడ్లు మళ్ళీ బెడ్డింగ్ చేసి చూడండి, అంటే పైన చెప్పినట్టు గట్టిగా స్లో చేసి చల్లార్చడం, చిన్న మచ్చలైతే పోతాయి, వణుకు తగ్గకపోతే డిస్కుని కొలిపించి అప్పుడు మార్చండి. ఈసారి చివరి ల్యాప్ బ్రేక్ దాదాపు తొక్కకుండా మెల్లగా తిరిగి రండి, ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్‌లో పెట్టి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి.