పాల్గొనదని రాయొద్దు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. బాగానే సాగింది గానీ రెండో పేరాలో "ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనకుండా వేగాన్ని పెంచుతుంది" అన్న చోట ఆగిపోయాను. నా మొదటి వ్యాసంలో నేనూ ఇదే రాశా, అచ్చయింది కూడా, తర్వాత ఓ రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టుకార్డు మీద పెట్టిన చీవాట్లు ఇప్పటికీ మర్చిపోలేదు. పాల్గొంటుందయ్యా. అణువుతో బంధం కట్టుకుంటుంది, తెంచుకుంటుంది, చివరికి మళ్ళీ మొదటి రూపానికొస్తుంది. కథంతా ఆ మధ్యలోనే ఉంది, నువ్వేమో దాన్నే వదిలేశావు.

ఇంటర్లో బట్టీ పట్టిందే తీసుకో. ఇథనాల్ అనే ఆల్కహాల్ ఆవిరిని 573 కెల్విన్ దగ్గర రాగి మీదుగా పంపితే ఎసిటాల్డిహైడ్, బాగా వేడెక్కిన అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ మీదుగా పంపితే ఇథిలీన్. అణువు ఒకటే, దారులు రెండెందుకయ్యాయని మార్కుల టెన్షన్లో మనమెవరం అడిగాం? రాగి మీద ముందు ఆక్సిజన్‌కున్న హైడ్రోజన్ ఊడుతుంది, మిగిలిన ఇథాక్సీ ముక్క ఆ ఆక్సిజన్‌తోనే లోహాన్ని పట్టుకుని కూర్చుంటుంది, ఆ తర్వాత పక్క కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి పోతుంది, ఊడిన రెండూ ఆ ఉపరితలం మీదే కలిసి వాయువుగా లేచిపోతాయి. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి బయటికొచ్చినట్టు అణువు తేలికై వెళ్తుంది. అల్యూమినా తీరు వేరు. అల్యూమినియం అయాన్ ఆల్కహాల్‌లోని ఆక్సిజన్‌ను లాగుతుంది, పక్కనున్న ఆక్సైడ్ అయాన్ చివరి కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాగుతుంది, ఈ గుంజులాటలో నీరు విడిపోయి కార్బన్ల మధ్య ద్విబంధం మిగులుతుంది.

అణువు మీద ఉత్ప్రేరకం పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని రాశావే, అదీ తప్పే. 1912లో నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త సబాటియే పేరుతో చెప్పుకునే సూత్రం ఇదే: వదులైతే అణువు నిలవదు, బిగిస్తే కదలదు. గర్భాలయం ముందు "జరగండి, జరగండి" అనేవాళ్ళు లేకపోతే క్యూ ఏమవుతుందో తిరుపతి వాడివి, నీకు చెప్పాలా! చల్లని ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ చోట్లన్నీ ఆక్రమించి ఆక్సిజన్‌ను దిగనివ్వదు. కారు స్టార్ట్ చేసిన కొత్తలో పొగగొట్టంలో పొగను శుద్ధి చేసే ప్లాటినం కన్వర్టర్ పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం. క్యూ పోలిక మాత్రం ఒక్కసారే వాడు, సాగదీస్తే పాఠకుడికి అణువు బదులు కొండే కనిపిస్తుంది.

ఇక మిథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్. వెండి ఉత్ప్రేరకమైతే గాలిలోని ఆక్సిజన్ లోహం మీద వాలి, అక్కడ పని చేస్తుంది. ఐరన్ మాలిబ్డేట్ (ఇనుము, మాలిబ్డినం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) అలా కాదు, తన స్ఫటికంలోని ఆక్సిజన్‌నే ఇచ్చేసి, ఆ ఖాళీని తర్వాత గాలి నుంచి పూడ్చుకుంటుంది. పక్కింటికి మన డబ్బాలో చక్కెరిచ్చి, సరుకులొచ్చాక నింపుకున్నట్టు. మార్స్, వాన్ క్రెవెలెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1954లో చెప్పిన దారి ఇది. గాలి ఆపేసినా చర్య కాసేపు నడుస్తుంది, ఆ ముక్క తప్పకుండా రాయి, నమ్మకం కుదిరేది దానితోనే.

అన్నట్టు, అధిశోషణం అనాల్సిన చోట శోషణం అన్నావు. ఉపరితలం మీద అంటుకోవడం వేరు, లోపలికి ఇంకడం వేరు.

రెండో పేరా తిరగరాసి పంపు. రాగి పరమాణువుల వరుస మీద ఇథాక్సీ కూర్చున్న బొమ్మొకటి పెన్సిల్‌తో గీసి పెట్టు, వంకరగా వచ్చినా ఫర్వాలేదు.

మీ అన్న